శ్రీబాగ్: పత్రికాధిపతి ఇంట్లో కుదిరిన రాజీ

1937 నవంబరు 16న మద్రాసులోని ఒక ఇంట్లో కోస్తా జిల్లాల నాయకులు, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడికకు వచ్చారు. మైలాపూరులోని ఆ ఇంటి పేరు శ్రీబాగ్. ఆంధ్రపత్రిక యజమాని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నివాసం అది. చర్చల్లో కూర్చున్న నాయకుల పేర్లతో కాకుండా, కూర్చున్న ఇంటి పేరుతోనే ఆ ఒడంబడిక చరిత్రకెక్కింది. తెలుగునాట ఒక పత్రికాధిపతి రెండు రాజకీయ పక్షాల నడుమ పెద్దమనిషిగా నిలిచిన సందర్భాల్లో శ్రీబాగ్ ఒడంబడిక మొదట చెప్పుకోదగ్గది.

పత్రికాధిపతికి ఇలాంటి పాత్ర ఎందుకు దక్కుతుంది? రాజీ చర్చలకు ముందుగా కావలసింది ఇరుపక్షాలూ నామోషీ పడకుండా అడుగుపెట్టగలిగే చోటు. పార్టీ కార్యాలయానికి వెళితే ఒక పక్షం తలవంచినట్టు కనిపిస్తుంది. ప్రభుత్వ భవనంలో కలిస్తే వార్త ముందే బయటికి పొక్కుతుంది. పత్రికాధిపతి ఇంటికి మాత్రం అన్ని పక్షాల వాళ్లూ ఏదో ఒక పని మీద వస్తూనే ఉంటారు కాబట్టి వాళ్ల రాకపోకలను ఎవరూ వింతగా చూడరు. ఏ నాయకుడు ఎంతవరకు దిగివస్తాడో, ఎక్కడ పట్టుబడతాడో ఆయనకు రోజూ చేరే ఉత్తరాలు, విలేఖరుల కబుర్లే చెబుతాయి. మాట కుదిరేదాకా వార్తను ఆపడం, కుదిరిన మర్నాడు దాన్ని వేలమంది పాఠకుల ముందు పెట్టడం కూడా ఆయన చేతిలో పనే.

ఈ పాత్ర తెలుగువారికే ప్రత్యేకం కాదు. ఐర్లండు స్వాతంత్ర్య పోరాట కాలంలో డబ్లిన్ నగరపు ఫ్రీమన్స్ జర్నల్ ఇందుకు పేరున్న ఉదాహరణ. 1763లో మొదలైన ఆ పత్రికను 1919లో మార్టిన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే వ్యాపారి మరొకరితో కలిసి కొన్నాడు. బ్రిటిష్ సైన్యం మీద రాసిన వార్తలకు 1920 చివర యజమానులిద్దరికీ, సంపాదకుడికీ సైనిక న్యాయస్థానం జైలుశిక్ష వేసింది. అదే ఫిట్జ్‌జెరాల్డ్ డబ్లిన్ కోటలోని బ్రిటిష్ అధికారి ఆల్ఫ్రెడ్ కోప్‌కూ, స్వాతంత్ర్య పక్షమైన షిన్ ఫేన్ నాయకులకూ మధ్య కబుర్లు మోశాడు. 1921 జులై 11న కాల్పుల విరమణ, డిసెంబరు 6న ఆంగ్లో-ఐరిష్ ఒప్పందం జరిగాయి. ఫ్రీమన్స్ జర్నల్ ఒప్పందాన్ని బలంగా సమర్థించడంతో, దాన్ని వ్యతిరేకించిన సాయుధులు 1922 మార్చిలో పత్రిక అచ్చుయంత్రాలను ధ్వంసం చేశారు. 1924 డిసెంబరులో పత్రిక మూతపడింది. రాజీ కుదిర్చిన వ్యక్తి ఆ తర్వాత ఒక పక్షం వాడై నిలిస్తే ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఆ పత్రిక ఉదంతం చెబుతుంది. ఆ నగరంలోనే ఐరిష్ ఇండిపెండెంట్ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ 1917 నాటి ఐరిష్ కన్వెన్షన్‌లో సభ్యుడిగా కూర్చున్నాడు. ఆయన తెర వెనుక కాదు, బల్ల ముందే ఉన్నాడు.

నాగేశ్వరరావు పంతులుది వేరే దారి. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన ఆయన వ్యాపారం కోసం బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టి ఆ తలనొప్పి మందును జనానికి అలవాటు చేశారు. దాని మీద వచ్చిన ఆదాయంతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికను ప్రారంభించారు. 1914లో పత్రిక మద్రాసుకు తరలింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి దినపత్రికగా వెలువడింది. నాలుగు నెలల్లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో తెలుగు జిల్లాల్లో రోజూ పత్రిక చదివే అలవాటు పెరిగింది. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. 1924 నుంచి దాదాపు పదేళ్లు ఆయన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షుడు. దేశోద్ధారకుడు, విశ్వదాత అన్న బిరుదులు జనం నోట స్థిరపడ్డాయి.

ఈ జీవితంలో రాజీ ప్రయత్నానికి పనికివచ్చిన అంశం ఆయన ఆదాయ మార్గం. అమృతాంజనం డబ్బా కొన్నవాళ్ల పైసలతో పత్రిక నడిచింది. జమీందారు విరాళం మీదో, పార్టీ నిధి మీదో, ప్రభుత్వ ప్రకటన మీదో అది ఆధారపడలేదు. అదే కాలంలో టంగుటూరి ప్రకాశం 1921లో మద్రాసు నుంచి స్వరాజ్య అనే ఇంగ్లీషు దినపత్రికను స్థాపించి, బారిస్టరుగా గడించిన ఆస్తినంతా దానికి ధారపోశారు. స్వరాజ్య ఒక రాజకీయ నాయకుడి గొంతు. ఆంధ్రపత్రిక కాంగ్రెస్ పక్షానే రాసినా, దాని యజమానికి మంత్రి పదవి మీద ఆశ లేదు. ఆ సంగతి రాయలసీమ వాళ్లకు తెలుసు. రాయలసీమకే చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కొంతకాలం ఆంధ్రపత్రిక సంపాదకుడిగా పనిచేశారు కూడా.

ఇంతకూ శ్రీబాగ్‌లో తేల్చవలసిన తగాదా ఏమిటి? 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలను విడదీసి ప్రత్యేక రాష్ట్రం చేయాలన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. కోరికలో ముందున్నది కృష్ణా, గోదావరి ఆనకట్టల నీళ్లతో పంట పండించే కోస్తా జిల్లాలు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను దత్తమండలాలు అనేవారు. 1928లో నంద్యాల సభల నుంచి ఆ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. ఆ జిల్లాలకు కరువు పాత చుట్టం. చదువు, ఉద్యోగాలు, డబ్బు అన్నింటిలో కోస్తా ముందుంది. కొత్త రాష్ట్రం వస్తే పెత్తనం మద్రాసు తమిళుల చేతి నుంచి కోస్తా వాళ్ల చేతికి మారుతుందే తప్ప తమకు ఒరిగేదేమిటని సీమ నాయకులు అడిగారు. సీమవాసులకు మద్రాసు దగ్గర, విజయవాడ దూరం అన్న లెక్క కూడా అందులో ఉంది.

అనుమానాలకు ఆధారాలు కూడా కనిపించాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాన్ని అనంతపురంలో పెట్టాలని సీమ కోరింది. అది మొదట విజయవాడలో నడిచి, 1930లో విశాఖపట్నానికి చేరింది. దత్తమండలాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండిపోయాయి. 1934లో రాయలసీమ మహాసభ విడిగా సమావేశమైంది. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ గెలిచి, జులైలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. అందులో తెలుగువారు ముగ్గురు: ప్రకాశం, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి. ముగ్గురూ కోస్తా జిల్లాల వారే. సీమకు ఒక్క మంత్రి పదవీ దక్కలేదు. రాష్ట్రం ఇంకా రాకముందే ఇలా ఉంటే వచ్చాక ఎలా ఉంటుందన్న మాట గట్టిగా వినిపించింది.

ఆ ఏడాది అక్టోబరులో విజయవాడలో ఆంధ్ర మహాసభ రజతోత్సవం జరిగింది. సీమ కలిసిరాకపోతే ఆంధ్ర రాష్ట్రం మాట ఢిల్లీలోనూ లండన్‌లోనూ చెల్లదని కోస్తా నాయకులకు అర్థమైంది. రాయలసీమ సందేహాలు తీర్చడానికి ఇరుప్రాంతాల ముఖ్యులతో ఒక సంఘం ఏర్పడింది. నెల తిరగకముందే ఆ సంఘం శ్రీబాగ్‌లో సమావేశమైంది.

ఒడంబడికపై సంతకాలు చేసినవారిలో కోస్తా వైపు నుంచి కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. సీమ వైపు నుంచి కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, బళ్లారికి చెందిన హెచ్. సీతారామరెడ్డి ఉన్నారు. ఈ జాబితాలో మరో విశేషం ఉంది. వెంకటప్పయ్య 1902లో బందరులో కృష్ణాపత్రిక స్థాపించినవారిలో ఒకరు. పట్టాభి బందరు నుంచే జన్మభూమి అనే ఇంగ్లీషు పత్రిక నడిపారు. రామాచార్యులు అనంతపురం సాధన పత్రికకు సంపాదకుడు. అంటే ఇంటి యజమానే కాదు, బల్లకు రెండు వైపులా కూర్చున్నవాళ్లలోనూ పత్రికలు నడిపినవాళ్లున్నారు. ఒక మాట అచ్చయితే జిల్లాల్లో ఎలా చేరుతుందో, ఏ వాక్యం ఎక్కడ రాజుకుంటుందో వాళ్లకు అనుభవం.

ఒడంబడికలో ప్రధానంగా నాలుగు అంశాలున్నాయి. మొదటిది విశ్వవిద్యాలయం: వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో మరో కేంద్రం ఉండాలి. రెండోది నీరు: కృష్ణా, తుంగభద్ర, పెన్న జలాల వినియోగంలో రాయలసీమకూ నెల్లూరు జిల్లాకూ పదేళ్లపాటు, అవసరమైతే అంతకు మించి ప్రాధాన్యం ఇవ్వాలి. మూడోది శాసనసభ: సాధారణ స్థానాలను జనాభాతో నిమిత్తం లేకుండా జిల్లాల వారీగా సమానంగా పంచాలి. నాలుగోది రాజధాని, హైకోర్టు: ఒకటి కోస్తాలో, ఒకటి రాయలసీమలో ఉండాలి, రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. ప్రతి అంశంలోనూ ఎక్కువ ఇచ్చింది కోస్తా. అయితే కోస్తాకు కావలసింది సీమ సమ్మతి. అది దొరికింది.

ఇందులో పత్రికాధిపతి ఇచ్చినవి మూడు. తన ఇల్లు ఇచ్చారు. తన పరపతి ఇచ్చారు. డెబ్బై ఏళ్ల పెద్దమనిషి సమక్షంలో ఒప్పుకున్న మాటను మర్నాడే తోసిపుచ్చడం ఎవరికీ తేలిక కాదు. మూడోది పత్రిక. అప్పటికి ఆంధ్రపత్రిక శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా చేరుతున్న దినపత్రిక. రెండు ప్రాంతాల పాఠకులు ఒకే కాగితంలో, ఒకే మాటల్లో ఒడంబడికను చదివే వీలు దానివల్ల కలిగింది.

ఆయన ఇవ్వలేనిదీ ఒకటి ఉంది. అది అమలుకు పూచీ. శ్రీబాగ్ ఒడంబడికకు చట్టబలం లేదు. మాట తప్పితే ఏం జరుగుతుందో అందులో లేదు. ఊరి రచ్చబండ దగ్గర పెద్దమనుషులు తీర్చిన తగాదాలాగే, తీర్చినవాళ్లు బతికి ఉన్నంతకాలం, వాళ్ల మాటకు విలువ ఉన్నంతకాలమే దానికి పట్టు. నాగేశ్వరరావు పంతులు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. ఒడంబడిక జరిగి అప్పటికి ఐదు నెలలు కూడా నిండలేదు. ఆంధ్రపత్రికను ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ కొనసాగించారు. మద్రాసులో లజ్ చర్చి రోడ్డు పక్కనున్న ఉద్యానవనానికి పంతులు పేరు పెట్టారు. అయితే ఇరుపక్షాలనూ మళ్లీ ఒక గదిలో కూర్చోబెట్టగల మనిషి స్థానం ఖాళీగానే ఉండిపోయింది.

పదహారేళ్ల తర్వాత ఒడంబడికకు పరీక్ష వచ్చింది. పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. రాజధాని ఎక్కడన్న ప్రశ్న రాగానే సీమ నాయకులు శ్రీబాగ్ మాటను ముందుకు తెచ్చారు. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కాయి. ఒడంబడికలోని ఒక అంశం అలా నెరవేరింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. చోటు అనంతపురం కాకపోయినా సీమకు ఒక విశ్వవిద్యాలయం అమరింది. ఒడంబడిక నాటి బళ్లారి మాత్రం మైసూరు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది.

నీటి అంశం దగ్గర లెక్క తేలలేదు.  కృష్ణా మీద కట్టిన నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దాని కుడి కాలువ గుంటూరు వైపు, ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం, కృష్ణా వైపు నీరు తీసుకెళతాయి. కృష్ణా మీద ఎగువన సిద్ధేశ్వరం దగ్గర ఆనకట్ట కడితే సీమకు నీళ్లందేవని, శ్రీబాగ్‌లో చెప్పిన ప్రాధాన్యం అదేనని రాయలసీమ ఉద్యమకారులు నేటికీ వాదిస్తున్నారు. మూడేళ్లకే కర్నూలు రాజధాని హోదా కూడా పోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు వచ్చాయి.

ఆ విలీనానికి ముందు జరిగిన చర్చలను శ్రీబాగ్ పక్కన పెట్టి చూడవచ్చు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు చేశారు.  ఇక్కడ పత్రికాధిపతి ఇల్లు లేదు, ఇరుపక్షాల మధ్య నిలిచిన తటస్థుడూ లేడు. అధికారంలో ఉన్నవాళ్లు, అధికారంలోకి రాబోయేవాళ్లు నేరుగా కూర్చున్నారు. అయినా ఈ ఒప్పందానికీ అమలు యంత్రాంగం బలహీనమే. 1969లో తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు ప్రధాన ఆరోపణ ఒప్పందాన్ని ఉల్లంఘించారనే.

నిజాం పాలనలోని హైదరాబాదులో పత్రికావాదులకు ఇలాంటి అవకాశం ఇంకా ఇరుకు. ఉర్దూ పత్రిక రయ్యత్ నడిపిన మందుముల నరసింగరావు 1938లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు బహదూర్ యార్ జంగ్‌తో చర్చలు జరిపినవారిలో ముఖ్యుడు. రాజ్యాంగ సంస్కరణల కోసం రెండు మతాల నాయకులు ఒకే కోరిక ముందుంచాలన్నది ఆ చర్చల ఉద్దేశం. చర్చలు ఫలించలేదు. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించింది. తర్వాత రయ్యత్ కూడా మూతపడింది. అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్ ఇమ్రోజ్ అనే పత్రిక పెట్టి, భారత యూనియన్‌లో చేరికను సమర్థిస్తూ రాసి 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. పత్రికావాది పెద్దమనిషి పాత్ర పోషించాలంటే ప్రభుత్వం కనీసం మాటను సహించాలి. అది లేనిచోట ఇరుపక్షాలను కలిపే ఇల్లు నిలవదు.

స్వాతంత్ర్యం తర్వాత పత్రికాధిపతి స్థానం మారుతూ వచ్చింది. 1938 ఆగస్టు 15న మద్రాసు నుంచి ఆంధ్రప్రభ దినపత్రిక ప్రారంభించిన రామ్‌నాథ్ గోయెంకా రాజ్యాంగసభలో సభ్యుడు, 1971లో విదిశ నుంచి లోక్‌సభకు గెలిచినవాడు. జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమ కాలంలో ఆయనకు దగ్గరగా ఉండి, కాంగ్రెసేతర పక్షాలను కలిపే ప్రయత్నాల్లో పాలుపంచుకున్నారు. మధ్యవర్తిత్వం ఉన్నా అది ఒకే పక్షంలోని పార్టీల నడుమ.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు ప్రారంభమైంది. దాని అప్పటి యజమాని రామోజీరావు. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ ప్రకటించినప్పుడు, 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు ఈనాడు ఆయన పక్షాన బాహాటంగా నిలిచింది. నెల రోజులకు, సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ ఘట్టంలో పత్రిక బలం ఇరుపక్షాలనూ కలపడంలో లేదు, ఒక పక్షానికి జనాన్ని సమీకరించడంలో ఉంది. లక్షల ప్రతులు అమ్మే పత్రికకు ఇల్లు ఇచ్చి ఊరుకునే పాత్ర సరిపోలేదు.

ఆ తర్వాత యజమానికీ రాజకీయ నాయకుడికీ మధ్య గీత ఇంకా పలచబడింది. 1984లో దాసరి నారాయణరావు ఉదయం స్థాపించారు. ఆయన తర్వాత కాంగ్రెస్ తరఫున కేంద్రమంత్రి అయ్యారు. 2008లో వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి కుటుంబం సాక్షిని ప్రారంభించింది. 2011లో తెలంగాణ ఉద్యమ గొంతుగా నమస్తే తెలంగాణ వచ్చింది. రాష్ట్ర విభజన చర్చలు సాగిన 2009–2014 కాలంలో తెలుగు పత్రికల్లో చాలా వాటికి స్పష్టమైన పక్షం ఉంది. విభజన ప్రశ్నను పరిశీలించిన శ్రీకృష్ణ కమిటీ ముందుకు రెండు ప్రాంతాల ప్రతినిధులు వెళ్లారు. ఇరుపక్షాలకూ సమ్మతమైన ఒక పత్రికాధిపతి ఇంటికి వెళ్లే పరిస్థితి లేదు. చివరికి 2014లో పార్లమెంటు చట్టమే విభజనను తేల్చింది.

శ్రీబాగ్ ఒడంబడిక మాత్రం రాజకీయాల్లో వాడుకలోనే ఉంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడు రాజధానుల చట్టం తెచ్చినప్పుడు, కర్నూలుకు న్యాయ రాజధాని ఇవ్వడానికి ఆధారంగా చూపింది ఆ 1937 మాటనే. 2021 నవంబరులో ఆ చట్టాన్ని ఉపసంహరించుకున్నారు.

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే పత్రికాధిపతి మధ్యవర్తి కాగల పరిస్థితులు స్పష్టమవుతాయి. ఆయన ఆదాయం ఏ పక్షం మీదా ఆధారపడకూడదు. ఆయన పత్రికకు రెండు వైపులా పాఠకులుండాలి. కుదరబోయే ఒప్పందంలో ఆయనకు వాటా ఉండకూడదు. ఈ మూడూ నాగేశ్వరరావు పంతులుకు ఒకేసారి అమరాయి. ఫిట్జ్‌జెరాల్డ్‌కు కొంతకాలమే అమరాయి. తర్వాతి తెలుగు పత్రికాధిపతులకు పాఠకుల సంఖ్య పెరిగింది, మొదటి షరతూ మూడో షరతూ సడలాయి. ఇన్నీ అమరినా ఆ మనిషి చేయగలిగింది సంతకాల దాకానే. సంతకం తర్వాత ఒప్పందాన్ని కాపాడవలసింది చట్టం, శాసనసభ, న్యాయస్థానం. శ్రీబాగ్‌లో రాసుకున్న నాలుగు అంశాల్లో ప్రభుత్వాలు చట్టంగా, ఉత్తర్వుగా మార్చినంత మేరకే రాయలసీమకు దక్కింది.